దేని వెనక నడవాలి?

మా మరిది ఇస్సాత్ కుదురుగా కూర్చోగా చూసినవాళ్లు నార్వే ఉత్తరాన ఉన్న మా ఊరు కౌటోకైనోలో ఎవరూ లేరు. మాంసం చారు కూడా నిలబడే తాగేవాడు. రెయిన్‌డీర్ల మంద ఎటు పోతే అటు, కాలు కాలిన పిల్లిలా తిరిగేవాడు. "నన్ను కాదు, ఆ మందనే చేసుకోవాల్సింది" అని మా చెల్లెలు ఎల్లె సాధించేది.

ఎదురింటి మాస్టారు తోర్‌గేర్ రెయిన్‌డీర్లని కాసుకు బతికే మా సామీవాళ్లలో మనిషి కాడు, దక్షిణం నుంచి వచ్చిన నార్వే ఆయన. సాయంత్రమైతే బిగుతు బట్టలేసుకుని, ముందు జంతువూ లేక, వెనక పనీ లేక, స్కీల మీద ఊరికే దూసుకుపోయేవాడు. "పాపం, ఎవరు తరుముతున్నారో!" అని ఇస్సాత్ పడీపడీ నవ్వేవాడు.

రెండేళ్ల కిందట చలికాలంలో మంచు బండి తిరగబడి ఇస్సాత్ మోకాలు నుజ్జయింది. ఆపరేషన్ చేశారు, ఎముక అతికింది. మందని మాత్రం మేనల్లుడికి అప్పగించాల్సొచ్చింది. అప్పట్నుంచి మనిషి కిటికీ పక్క కుర్చీకి అతుక్కుపోయాడు. గడ్డం గీసుకోడు. పెట్టిన కాఫీ పెట్టినట్టే చల్లారేది. పలకరిస్తే "ఊఁ" అంటే గొప్ప. మనసు తేలికపడాలంటే రోజూ నడవాలని డాక్టరమ్మ చెప్పింది.

"నడకా?" అన్నాడు ఇస్సాత్. "దేని వెనక?"

వేళాకోళమే అనుకుని ఆవిడ నవ్వింది. ఎల్లెకి మాత్రం భయమేసింది.

ఆ ఏడు నవంబరు చివర, సూర్యుడు మొహం చూపించడం మానేసిన రోజుల్లో, ఒక మధ్యాహ్నం ఇస్సాత్ కుర్చీలోంచి లేచాడు. బూట్లు కట్టుకున్నాడు. మావాళ్లు బయలుదేరే మనిషిని ఎక్కడికని అడగరు. అడిగితే తోడేలుకి దారి చెప్పినట్టేనని పెద్దల మాట. పెళ్లయిన ఇన్నేళ్లలో ఎల్లె ఆ మాట నోట రానివ్వలేదు. ఆరోజూ గుమ్మంలో నోరు మూసుకునే నిలబడింది. అతను వెళ్లిపోయాక మా ఇంటికి పరిగెత్తుకొచ్చింది.

"అక్కా, లేచాడక్కా! బయటికెళ్లాడు!"

"మంచిదేగా, మరి ఏడుస్తావేమే?"

"కుక్కని తీసుకెళ్లలేదు."

మంద ఉన్నా లేకపోయినా ఇస్సాత్ కుక్క లేకుండా గడప దాటినవాడు కాడు.

అంతలో తోర్‌గేర్ స్కీల మీద వస్తూ చెయ్యూపాడు. "శుభవార్తండీ! మీ ఆయన నడుస్తున్నాడు! ఏరు సరస్సులో కలిసే వైపు వెళ్తుంటే చూశాను!"

ఆయన మొహం వెలిగిపోతోంది. ఆయన తప్పేం లేదు. అక్కడ నీళ్ల ఉరవడికి పైన మంచు సరిగ్గా గట్టిపడదని ఆయనకి తెలీదు. ఇస్సాత్‌కి తెలుసు. అదే మా భయం.

ఎల్లె చేతికందిన బూట్లేవో తొడుక్కుని పరుగందుకుంది. వెనక నేను. మోకాళ్లలోతు మంచు. మధ్యాహ్నమే అయినా చుట్టూ నీలం చీకటి. అడుగుజాడలు ఒడ్డు దిగి సరస్సు మీదికి పోయాయి. కాస్త దూరంలో అతను మాకు వీపు పెట్టి నిలబడ్డాడు.

"ఎక్కడికయ్యా?" అని అరిచింది ఎల్లె. ఆ మాట దాని నోట వినడం నాకదే మొదటిసారి. "ఎక్కడికి పోతున్నావు? చెప్పు!"

అతను కదల్లేదు. కాళ్ల కింద మంచు కిర్రుమంది. ఇద్దరం మంచు మీదికి దిగితే ముగ్గురి బరువుకి విరుగుతుందని చెల్లెల్ని గట్టిగా పట్టుకున్నాను. చాలాసేపటికి అతను ఇటు తిరిగాడు.

"బూట్లు కట్టుకున్నంతసేపూ చూశాను ఎల్లె," అన్నాడు, "అడుగుతావేమోనని."

మెల్లగా, అడుగు తర్వాత అడుగు ఆనించుకుంటూ ఒడ్డుకొచ్చాడు. ఎల్లె అతని చొక్కా పట్టుకుని గుండెల మీద బాదింది, ఆ తర్వాత బావురుమంది. ఆ సాయంత్రమే ఆసుపత్రికి తీసుకెళ్లాం. అక్కడ చాన్నాళ్లు ఉన్నాడు.

ఇప్పుడు రోజూ నడుస్తాడు. కుక్క వెంట ఉంటుంది, ఎక్కువసార్లు ఎల్లె కూడా. వెళ్లలేని రోజున గుమ్మానికి అడ్డంగా నిలబడి "ఎక్కడికయ్యా?" అని అడుగుతుంది. తోడేలు వింటే విననీ అంటుంది. అతను చెప్తాడు, ప్రతిసారీ చెప్తాడు. కానీ ఆ జవాబు వచ్చేలోపు ఒక్క క్షణం ఉంటుంది చూడండి, అప్పుడు మా ఎల్లె మొహంలో ఇప్పటికీ నెత్తురుచుక్క ఉండదు.