టవర్ లేదని చెప్పాను

ఒక మాటను ఏళ్ళ తరబడి మోస్తున్నాను. రెండే రెండు పదాలు. బరువు మాత్రం నలుగురు హమాలీలు కలిసి పట్టినా లేవదు. చూశారా, అప్పుడే పెంచేశాను. నా గుణమే అంత. పొలంలో తొండ కనబడితే, నేను ఇంటికొచ్చేసరికి అది ఉడుమవుతుంది. టీ అంగడి చేరేసరికి మొసలవుతుంది. ఈ కరువు నేలలో మొసలి ఎక్కడిదయ్యా అని అడిగితే, పాపం అదీ నీళ్ళున్నాయని ఎవరో చెబితే నమ్మి వచ్చింది అంటాను. అంగడంతా నవ్వుతుంది. ఆ నవ్వు కోసమే బతికాను.

అలాంటి నేను జీవితంలో ఒకే ఒక్క సంగతిని కుదించి చెప్పాను. నా తప్పంతా ఆ కుదింపులో దాగి ఉంది. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్ళకు చెబితే నవ్వుతారు. నేనేం చెప్పినా నవ్వడం వాళ్ళకు అలవాటు.

నా పొలం పక్కన తిప్పేస్వామి పొలం. అది అతని అసలు పేరు కాదు. అలాగని దాచినట్టూ కాదు, రాయదుర్గం బస్టాండులో నిలబడి "తిప్పేస్వామీ" అని కేకేస్తే సగం బస్సులు ఖాళీ అవుతాయి. అతనిది మా ఊరు కాదు. రాయదుర్గానికి అవతల, రెండు బస్సులు మారి రావాలి. పిల్లల్లేని మేనమామ రాసిపోతే ఆ నాలుగెకరాలు అతనికి వచ్చాయి. వాన పడితే వచ్చి వేరుశనగ విత్తుకుంటాడు, కలుపుకి వస్తాడు, కాయ పీక్కుని పోతాడు. మా ఊళ్ళో అతనికి తెలిసిన మనిషిని నేనొక్కడినే. మా ఇద్దరికీ మధ్య ఒక గట్టు.

మా వైపు వాన ఎలా పడుతుందో మీకు చెప్పాలి. ఎద్దుకు ఒక కొమ్ము తడుస్తుంది, రెండో కొమ్ము ఎండుగా ఉంటుంది. ఈ మాట మాత్రం నేను పెంచలేదు, మా తాతల నాటిది. పక్క ఊరికి పడింది మనకు పడదు. అందుకే దూరాన ఉన్నవాడికి వాన కబురు చెప్పడం గట్టు పక్కవాడి ధర్మం. గట్టు జరిపావని కోర్టులో వాదులాడుకుంటున్నవాళ్ళు కూడా, వాన పడిందంటే ముందు ఫోన్ చేసి "పదునైంది, రా" అని చెప్పి, ఆ తర్వాతే మళ్ళీ వాయిదాకు పోతారు. పదునంటే విత్తడానికి సరిపడా తడి. మా ఎర్ర నేలలో అది మూడు నాలుగు రోజులకు మించి నిలవదు. ఆ రోజులు తప్పితే ఆ ఏడాది తప్పినట్టే.

ఎండాకాలం చివర మొదలుపెట్టి తిప్పేస్వామి రోజూ సాయంత్రం ఫోన్ చేసేవాడు.

"అన్నా, మోడం కమ్మిందా?"

మబ్బు కమ్మలేదని చెబితే పెట్టేసే మనిషి కాదు. గాలి ఎటు నుంచి వీస్తాందని అడుగుతాడు. చీమలు గుడ్లు మోసుకుపోతాండాయా అని అడుగుతాడు. ఆకాశాన్ని నాకు గుత్తకిచ్చినట్టు లెక్క అడుగుతాడు. ఆ ఫోన్ సరిగ్గా నేను టీ అంగట్లో కథ చెబుతున్నప్పుడు వచ్చేది. మొసలి నోరు తెరిచే సమయానికి జేబులో మోగేది. నేను తిరిగొచ్చేసరికి మొసలి చల్లారిపోయేది. అంగట్లో వాళ్ళు "పో పో, వానల ఆఫీసరు పిలుస్తాండాడు" అని నన్నే ఎగతాళి చేసేవాళ్ళు. నవ్వించేవాడు నవ్వులపాలైతే ఎలా ఉంటుందో మీకు తెలియదు. తెలియకపోవడమే మేలు.

ఆ రోజుల్లోనే మా అమ్మాయి కాలేజీ సెలవులకు వచ్చి, నా ఫోన్ బాధ చూసి, అక్కర్లేని నంబర్లను బ్లాక్ చేయడం నేర్పింది. అప్పటికి నా ఫోన్ నాది కాదు. బెంగళూరు విమానాశ్రయం పక్కనే సైటు అని ఒకామె, విమానం దిగినవాడు చెప్పులు వేసుకోకుండా ఇంటికి నడవచ్చునన్నట్టు చెప్పేది. ఇంకొకామె అప్పు తీసుకోమని బతిమాలేది. బ్యాంకులో నేను బతిమాలినప్పుడు పుట్టని అప్పు అది. "బిల్లు కట్టలేదు, ఈ సాయంత్రం మీ కరెంటు తీసేస్తాం" అని ఒక మెసేజీ. మా ఊళ్ళో ఉంటే కదా తీసేయడానికి! నంబరు మీద వేలు నొక్కిపెట్టి ఒక్కొక్కరినే సాగనంపాను. పూర్వం రాజులు దేశబహిష్కారం ఎందుకంత ఇష్టంగా వేసేవారో అప్పుడర్థమైంది.

ఒక సాయంత్రం అంగట్లో ఈ విద్య ప్రదర్శిస్తున్నాను. తిప్పేస్వామి ఫోన్ మోగింది. అందరూ నా మొహం చూశారు. "చూడండ్రా, వానల ఆఫీసరుకు ట్రాన్స్‌ఫర్ ఆర్డరు" అన్నాను. నొక్కాను. మోత ఆగిపోయింది. అంగడి కప్పు ఎగిరిపోయేలా నవ్వారు. అంత పెద్ద నవ్వు నాకు అంతకు ముందు రాలేదు, ఆ తర్వాత కూడా రాలేదు.

రేపు తీసేద్దామనుకున్నాను. నిజంగానే అనుకున్నాను. కానీ మరుసటి సాయంత్రం కథ మధ్యలో ఆగలేదు. ఆ మరుసటి రోజూ ఆగలేదు. ప్రశాంతత ఎంత సులువుగా అలవాటవుతుందో.

ఆరుద్ర కార్తెలో ఒక మధ్యాహ్నం వాన పడింది. ఎంత పడిందో చెప్పను, చెబితే చెరువులు తెగుతాయి. మా ఊరికి చాలినంత పడింది. తెరిపి ఇచ్చాక గట్టు మీదికి వెళ్ళాను. అటు వంగి, అతని పొలంలోంచి మట్టి తీసి పిడికిట్లో పిసికాను. ముద్ద కట్టింది. విరగలేదు. మంచి పదును.

నేను బ్లాక్ చేసింది అతను నాకు చేసే ఫోన్లను. నేను అతనికి చేయకుండా ఎవరు ఆపారు? ఎవరూ ఆపలేదు. ఫోన్ చేతిలో ఉంది. మరి ఎందుకు చేయలేదు? ఈ ప్రశ్నకు ఇన్నేళ్ళలో ఎన్నో జవాబులు తయారుచేసుకున్నాను, మంచి మంచివి, కోర్టులో పెట్టినా నిలబడేవి. అసలైనవి రెండే. ఊళ్ళో విత్తే ట్రాక్టరు ఒక్కటే ఉంది, ముందు నా పొలం కానిద్దాం అనుకున్నాను. రెండోది, చేస్తే "ఇన్ని దినాలు ఎందుకు ఎత్తలేదన్నా?" అని అడుగుతాడు, దానికి నా దగ్గర నవ్వొచ్చే జవాబు లేదు. రేపు చేద్దాంలే అనుకున్నాను. రేపు నా విత్తనం పడింది. ఎల్లుండి, ఇంత ఆలస్యంగా చెబితే ఇంకా బాగోదనిపించింది. ఆ తర్వాత రోజు ఎండ కాసింది.

పై మట్టి తెల్లబడిపోయాక అతను వచ్చాడు. బస్సు దిగి, విత్తనాల మూట నెత్తిన పెట్టుకుని, నేరుగా పొలానికే వచ్చాడు. నేను గట్టు మీదే ఉన్నాను.

"వాన పడిందంట గదన్నా?"

"పడింది స్వామీ."

"రాయదుర్గం సంతలో మీ ఊరోళ్ళు మాట్లాడుకొంటాంటే తెలిసింది. నీకు ఎన్ని తూర్లు చేసినానో లెక్కలేదు. ఒకతూరి మోగుతాది, టక్కని కట్టయిపోతాది. ఇంటికాడ అందలేదేమోనని మా ఊరి గుట్ట ఎక్కి గూడా చేసినా. రోజూ ఎక్కినానంటే నమ్ము. మా ఆడమనిషి, గుట్ట మీద యాడన్నా గుడి కట్టిచ్చినావా అని తిట్టింది. ఏమైండాది నీ ఫోన్‌కి?"

అతని మోకాళ్ళ సంగతి నాకు తెలుసు. గట్టు ఎక్కాలన్నా చెయ్యి ఆనించి ఎక్కే మనిషి.

"టవర్ లేదు," అన్నాను.

అదే ఆ రెండు పదాల మాట. తొండను మొసలి చేసేవాడిని, మొసలిని తొండ చేశాను.

"నేనూ అదే అనుకొంటి," అన్నాడు. "దానికి నువ్వేం చేస్తావులే. ఆ కంపెనీవోళ్ళ నోట్లో మన్ను పడ!"

కాలి వేలితో నేల గీకాడు. దుమ్ము లేచింది. తర్వాత మూట దించి నా ముందుకు జరిపాడు.

"ఇంగ ఇవి నువ్వు పెట్టుకో. ఒలిచిన గింజలు నిలవుండవు గదా. మోసుకొని బస్సెక్కితే కండక్టరు వీటికీ టికెట్టు కొడతా అంటాడు. విత్తనానికి ఇంగా మందు పట్టీలేదులే, మీ పాపకు ఏయించి పెట్టు."

వద్దనలేకపోయాను. వద్దంటే ఎందుకని అడుగుతాడు. మా ఆవిడ వాటిని వేయించింది. నేనూ తిన్నాను. చాలా రుచిగా ఉన్నాయి. అదే నన్ను భయపెట్టింది.

ఆ ఏడు మళ్ళీ పదును వాన రాలేదు. విత్తినవాళ్ళకు చిన్న చిన్న జల్లులు సరిపోయాయి. గట్టుకు ఇటు పచ్చగా, అటు ఎర్రగా. రోజూ ఆ గట్టు మీద నడిచాను. ఆ నంబరును అప్పుడైనా తీసేయచ్చు కదా అంటారు. తీయలేదు. మొదట విసుగుతో బ్లాక్ చేశాను, తర్వాత సిగ్గుతో అలాగే ఉంచాను. మోగితే ఎత్తాలి. ఎత్తితే ఆ గొంతు వినాలి.

ఆ ఏడే తిప్పేస్వామి భార్య హనుమక్క రాయదుర్గంలో జీన్స్ కుట్టే చోట పనికి కుదిరింది. కుట్టిన ప్యాంట్లకు వేలాడే దారాలు కత్తిరించే పని.

తిప్పేస్వామి మాత్రం ఊరుకోలేదు. అతనికి కోపం వచ్చింది. నా మీద కాదు, టవర్ మీద. తన ఊరు కాని ఊరికి టవర్ కావాలని ప్రతి సోమవారం ఆఫీసుల్లో అర్జీ పెట్టడం మొదలుపెట్టాడు. "మా అన్న ఆడ ప్రపంచంతో సంబంధం లేకుండా ఉండాడు సార్" అని చెప్పేవాడట. ఊళ్ళోకి వచ్చి అందరి చేతా సంతకాలు పెట్టించాడు. మా వాళ్ళు, మొదట్నుంచీ ఏదో ఒక మాదిరి సిగ్నల్ ఉన్నవాళ్ళే, ఇంకా బాగా వస్తుందంటే వద్దంటారా? మొదటి సంతకం నాది. ఆ సంతకం పెడుతుంటే నా చెయ్యి... వణికిందని రాస్తే బాగుంటుంది. వణకలేదు. చక్కగా, వంకర లేకుండా పెట్టాను.

అతని అర్జీల వల్లో, కంపెనీ లెక్కల వల్లో, టవర్ వచ్చింది. పని చేయడం మొదలైన రోజు ఊరంతా దాని కింద చేరింది. తిప్పేస్వామి కొత్త పంచె కట్టుకుని వచ్చాడు. ఎవరో దండ వేశారు. నన్ను మాట్లాడమన్నారు, మాట్లాడాను, కడుపుబ్బ నవ్వించాను. అంతలో అతను ఫోన్ తీసి, "ఉండండప్పా, మొదటి ఫోను మా అన్నకే చేస్తా, అందరూ యినండి!" అన్నాడు.

అప్పుడు గుర్తొచ్చింది, నంబరు ఇంకా బ్లాకులోనే ఉందని.

"ఒక్క నిమిషం స్వామీ, నీళ్ళు తాగొస్తా," అని పక్కనున్న మోటారు గది వెనక్కి పరిగెత్తాను. వేలికి చెమట, నొక్కితే తెర పలకదు. నా దేశం నుంచి వెళ్ళగొట్టిన వాళ్ళందరూ ఒకరి కింద ఒకరు వరసగా కనబడ్డారు. సైటు ఆమె, అప్పు ఆమె, కరెంటువాడు. వాళ్ళ మధ్యలో తిప్పేస్వామి. తీశాను. తిరిగొచ్చాను. నా చేతిలో ఫోన్ మోగింది. ఊరంతా చప్పట్లు కొట్టింది. ఎదురెదురుగా నిలబడి ఇద్దరం చెవికి పెట్టుకున్నాం.

"అన్నా, యినపడతాందా?"

"వినపడుతోంది స్వామీ."

"చూసినావా! టవర్ అంటే ఇదీ!"

అతని కళ్ళల్లో నీళ్ళు. అప్పుడు చెప్పాల్సింది. ఫోన్లోనైనా చెప్పాల్సింది. చెప్పలేదు.

ఆ తర్వాత ఒకసారి రాయదుర్గం పని మీద వెళ్ళి వాళ్ళ ఇంటికి పోయాను. హనుమక్క టీ ఇచ్చింది. గ్లాసు చుట్టూ ఆమె వేళ్ళు చూశాను. కొసలన్నీ నీలం. ప్యాంట్ల రంగు. కడిగినా పోదన్నాడు తిప్పేస్వామి, అదేదో గోరింటాకు సంగతి అన్నట్టు. సగం తాగిన గ్లాసు కింద పెట్టాను. ఎలా వచ్చిందో తెలియదు, మాట బయటికి వచ్చేసింది.

"స్వామీ, అప్పుడు టవర్ ఉండె. నేనే నీ నంబరు బ్లాక్ చేసినా. వాన పడింది గూడా నీకు చెప్పలా."

తిప్పేస్వామి ఒక్క క్షణం నన్ను చూశాడు. తర్వాత తొడ చరుచుకుని నవ్వాడు. పొరబోయేదాకా నవ్వాడు.

"ఏమన్నా నువ్వు! మొసలి అయిపోయింది, ఇంగ ఇదొకటి ఎత్తుకొన్నావా? ఓమే, యిన్నావా ఈయప్ప కత!"

హనుమక్క నవ్వలేదు. నా మొహంలోకి చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత నా ముందున్న గ్లాసు తీసుకుని, అందులో టీ ఇంకా సగం ఉండగానే, లోపలికి వెళ్ళిపోయింది. నేను బయల్దేరేదాకా బయటికి రాలేదు.

తిప్పేస్వామి ఇప్పటికీ రోజూ సాయంత్రం ఫోన్ చేస్తాడు. మొదటి మోతకే ఎత్తుతాను. కథ మధ్యలో ఉంటే కథే ఆగుతుంది. మోడం లేదని చెప్పడానికి కూడా బయటికి వచ్చి, ఆకాశం చూసి చెబుతాను. అది కథ కాదని ఆమె అతనికి చెప్పలేదని ఆ ఫోన్లను బట్టే తెలుస్తుంది. ఎందుకు చెప్పలేదో తెలియదు. క్షమించి కాదు, అది మాత్రం తెలుసు. ఆ గ్లాసు తీసుకెళ్ళిన తీరు నేను చూశాను.

ఆమె మళ్ళీ నాకు టీ ఇవ్వలేదు. నేను అడగలేదు. కానీ ఆ సాయంత్రం బస్సులో తిరిగి వస్తుంటే, ఎన్నో ఏళ్ళ తర్వాత నిద్ర పట్టింది. ఎందుకా అని ఆలోచిస్తే ఒకటే తోచింది. ఇంత వయసొచ్చాక, నేను చెప్పిన మాటను ఉన్నదున్నట్టు నమ్మిన మొదటి మనిషి ఆమె.

మీరు రెండోవారు.