వంగినవాడికి సగమే

మాల్యాద్రికి ఎదురు చెప్పడం చేతకాదు. తూకం తక్కువగా ఉందని ఎవరైనా గదమాయిస్తే, తూకం సరిగ్గానే ఉన్నా ఇంకో రెండు చేపలు వేసిపోతాడు. పన్నెండేళ్లుగా ఆయన దగ్గరే చేపలు కొంటున్నాను, పన్నెండేళ్లుగా ఆయన మీద విసుక్కుంటున్నాను. మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అని పెద్దలు ఊరికే అనలేదు.

చిల్లకూరులో హైవే పక్కన నాది జిరాక్సు కొట్టు. కరెంటు బిల్లులు, పెళ్లి పత్రికలు, పోలీసు చలానాలు, అన్నీ నా చేతి మీదుగానే పోతాయి. మాల్యాద్రిది సముద్రం ఒడ్డున జాలర్ల పల్లె, వాళ్ల మాటలో కుప్పం. ఆయన భార్య కామమ్మకు పెంచల్ అని ఒక తమ్ముడు. ఆ రెండిళ్లకూ ఉన్నది ఒకే మోపెడ్, వెనక నీలం ఐసు పెట్టె కట్టి ఉంటుంది. తోలేది ఎవరైనా, కాగితాల మీద పేరు మాత్రం మాల్యాద్రిదే.

ఆ సోమవారం పొద్దున ఆయన ఫోను పట్టుకుని కొట్లోకి వచ్చాడు.

"కుమారమ్మా, ఇదేందో చూడు. బండికి ఫైను పడిందంట."

చూశాను. హెల్మెట్ లేదు. గురువారం ఉదయం ఆరూ పది, వెంకటాచలం దగ్గర కెమెరా తీసిన ఫోటో.

"వెయ్యి పైనే ఉందన్నా. ఇక్కడే కట్టేస్తాను, ఒక్క నిమిషం పని."

"వద్దమ్మా. నేనే పోయి అడుక్కుంటా. తగ్గిస్తారు."

ఎందుకు తగ్గిస్తారో కూడా ఆయనే చెప్పాడు. కుప్పంలో ఎవరైనా తప్పు చేస్తే పెద్దలు కూర్చుని జరిమానా వేస్తారు. వాదించినవాడికి మొత్తం కట్టక తప్పదు. అడగకముందే "నాదే తప్పు" అని సాష్టాంగపడ్డవాడికి సగం వెనక్కిచ్చి, భుజం తట్టి పంపుతారు. అంతటితో ఆ సంగతి ముగిసినట్టే. తర్వాత దాన్ని ఎత్తినవాడికే జరిమానా. ఇంట్లో ఎవరు తప్పు చేసినా ఇంటి పెద్ద పడితే చాలు. మాల్యాద్రి ఇప్పటికి మూడుసార్లు అలా పడ్డాడు. రెండుసార్లు పెంచల్ కోసం, ఒకసారి ఇంట్లో మేక పక్కవాళ్ల వల కొరికినందుకు.

"మారు మాట్లాడకుండా మొత్తం కట్టేవాడు పొగరుబోతమ్మా," అన్నాడు. "వంగితేనే మనిషి."

నవ్వొచ్చింది నాకు. నవ్వుతూనే ఫోటో పెద్దది చేశాను. బండి మీద మనిషి మంచుకు తలమీద తువ్వాలు కప్పుకున్నాడు, మొహం కనబడదు. ఒంటి మీద పసుపుపచ్చ ఆటల బనీను. మాల్యాద్రి ఖాకీ చొక్కా తప్ప వేసిన పాపాన పోలేదు.

"ఇది నువ్వు కాదుగా?"

"పెంచల్. ఆ పొద్దు నాకు జ్వరం, వాడే చేపలు నెల్లూరికి తీసకపోయినాడు. ఎవురైతే ఏంది, బండి నాది."

ఫోటోలో బండి ముందు లైటు అద్దం పగిలి ఉంది. తల తిప్పి బయటికి చూశాను. తుప్పు పట్టిన మోపెడ్‌కు కొత్త లైటు ఎండలో మెరుస్తోంది.

"అద్దం ఎప్పుడు మార్చినావన్నా?"

"మొన్ననే. స్టాండు మీద నుంచి పడిందంట. పెంచల్ చెప్పినాడు."

మౌసు మీద నా చెయ్యి ఆగిపోయింది. మాల్యాద్రి ఆనుకుని నిలబడ్డ గోడకు, సరిగ్గా ఆయన భుజం పక్కన, ఒక కాగితం అంటించి ఉంది. శనివారం నేను కొట్టిచ్చిన కరపత్రమే. ఆయనకు చదువు రాదు. సంతకం చెయ్యడం ఒక్కటే వచ్చు.

నేనే చదివి వినిపించాను. గురువారం తెల్లవారుజామున ఐదున్నరకు, చిల్లకూరు దాటాక, పొలానికి నీళ్లు కట్టడానికి పోతున్న రైతు రంగనాయకులును ఒక బండి గుద్ది ఆగకుండా పోయింది. బండి వెనక చేపల పెట్టె ఉంది. చూసినవాళ్లు దయచేసి చెప్పగలరు. కింద ఆయన కొడుకు నరేంద్రబాబు ఫోను నంబరు.

మాల్యాద్రి బండి వైపు చూశాడు.

"బతికుండాడా?"

"ఉన్నాడు. నెల్లూరు ఆస్పత్రిలో. స్పృహ లేదు."

"అయితే లేస్తాడులే." తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "అది కూడా నేనే అని చెప్పేస్తా కుమారమ్మా. రెండూ ఒకేసారి ఒప్పుకుంటే పోతాది కదా. ఇంక ఎవురూ ఎత్తరు."

నాకు ఒళ్లు మండింది. "మతుండే మాట్లాడుతున్నావా? అది నీ కుప్పం కాదు. అక్కడ ఒప్పుకున్నవాణ్ణి వదలరు, పట్టుకుంటారు! పెంచల్‌ను తీసుకుని ముందు ఎవరైనా లాయరు దగ్గరికి పో."

"వాడికి ఇద్దరు పసిబిడ్డలు. కామమ్మ ఎత్తుకుని పెంచింది వాణ్ణి. ఇంటి పెద్దను నేనుండంగా వాడు వంగేదేంది?"

అర్జీ రాసిమ్మన్నాడు. రాయనన్నాను.

"నోరుండాది కదమ్మా," అని నవ్వి, చలానా కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. నా మాట వినని మాల్యాద్రిని చూడడం అదే మొదటిసారి. ఎదురు చెప్పడం చేతకాని మనిషి, ఆ ఒక్కటీ నా దగ్గరే నేర్చుకోవాలా?

ఆయన పోగానే గోడ మీది కాగితం పీకేసి సొరుగులో పెట్టాను. నరేంద్రబాబుకు ఫోను చెయ్యాలి, చెయ్యలేదు. కామమ్మకైనా చెప్పాలి, అదీ చెయ్యలేదు. నాకు భయం వేసింది. ఎవరి పక్షాన నిలబడ్డా రెండోవాళ్ల కొంప ముంచినట్టవుతుందని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. నిజానికి అది పిరికితనం, అంతే. మంగళవారం మాల్యాద్రి చేపలకు రాలేదు. బుధవారమూ రాలేదు. రోడ్డు మీద మోపెడ్ చప్పుడైతే చాలు, తలెత్తి చూసేదాన్ని.

గురువారం పదకొండు గంటలకు నరేంద్రబాబు వచ్చాడు. గుండు, ఒంటి మీద తుండు. చేతిలో వాళ్ల నాన్న ఫోటో.

"నిన్న పొద్దున పోయినాడక్కా. పెద్దకర్మ కార్డులు కొట్టాల."

ఫోటో స్కాను చేశాను. రంగనాయకులు కొత్త చొక్కా వేసుకుని తెరమీద నుంచి నన్నే చూస్తున్నాడు. పేరు, ఊరు కొట్టాను. అప్పుడే ఫోను మోగింది. మాల్యాద్రి.

"కుమారమ్మా! నువ్వు అనవసరంగా భయపెట్టినావు. ఈళ్లు దేవుళ్లు." అంత హుషారుగా మాట్లాడడం ఆయన నోట ఎప్పుడూ వినలేదు. "అడగకముందే నాదే తప్పని పడిపోయినా. సారే లేపినాడు. రెండోది కూడా చెప్పినా. అంతా రాసుకున్నారు. సంతకం పెట్టినా, నాకొచ్చిందదొక్కటే కదా."

"ఎక్కడున్నావన్నా?"

"ఈడే, స్టేషన్లో. జ్వరం తిరగబెట్టి లేవలేదు, ఈ పొద్దే వచ్చినా. కూర్చోమన్నారు. కుర్చీ వేసినారమ్మా, టీ తెప్పించినారు. మా కుప్పంలో నాకు కుర్చీ వేసినోడు లేడు. ఆ హెల్మెట్ ఫైను సంగతి ఎవురూ అడగనే లేదు. సగం గాదు, మొత్తం వదిలేసినట్టుండారు."

నరేంద్రబాబు నా మొహం చూస్తూ నిలబడ్డాడు. నేను ఫోను చెవికి ఇంకా గట్టిగా అదుముకున్నాను.

"ఆ పెద్దాయనకు ఎట్టుందో కొంచెం కనుక్కోమ్మా," అంటున్నాడు మాల్యాద్రి. "లేచి కూర్చున్నాడంటే, ఈడ నుంచి అట్నే పోయి ఆయన కాళ్ల మీద కూడా పడొస్తా. ఈ పొద్దే అయిపోతాది అంతా."

నేను ఒక చేత్తోనే కార్డులో తర్వాతి వరుసకు వచ్చాను.

నరేంద్రబాబు తెర వైపు వంగి, ఖాళీగా ఉన్న చోట వేలు పెట్టాడు.

"చనిపోయిన తేదీ ఈడ వెయ్యక్కా," అన్నాడు.