నాలుక పెట్టని వంట

బిజినేపల్లిలో బడి పిల్లల రొద మొదలవకముందే కిష్టమ్మ ఇంటి వెనక రేకుల కింద కూర్చుని ఫోన్‌తో మాట్లాడేది. అవతల ఎవరూ ఉండరు. బొటనవేలితో మైకు గుర్తును నొక్కిపట్టి, ఆ పూట పొయ్యి మీద ఉన్నదాని గురించి చెప్పేది. బీరకాయ గీరిన పొట్టు పారేయొద్దు, నీడకు ఆరబెట్టి చుక్క నూనెలో వేయించి పల్లీలతో నూరితే రెండు పూటలకు తొక్కు అవుతుంది. పప్పు ఉడికినాక పైన తేరిన కట్టు వంచిపెట్టుకుంటే రాత్రికి చారు. కొత్తిమీర ఆకు కూరకు, కాడలు పచ్చిపులుసుకు. నిన్నటి జొన్నరొట్టె గట్టిపడితే తునకలు చేసి, మజ్జిగ చిలకరించి, ఉల్లిగడ్డ పోపులో వేసి మూతపెట్టాలి. మధ్యలో కోడి కూస్తే ఆ కూత కూడా అందులో పడేది. దాన్ని తీసేయడం ఆమెకు రాదు.

ఈ అలవాటు అన్న కూతురు గీత వల్ల అయింది. గీత పెళ్లయి అమ్రాబాద్ వెళ్లిన కొత్తలో రోజూ ఫోన్ చేసి కూరలు ఎట్లా వండాలో అడిగేది. మాట్లాడే తీరిక లేని పూట కిష్టమ్మ చెప్పదలచుకున్నది రికార్డు చేసి పంపేది. గీత వాటిని తోడికోడలికి పంపింది, తోడికోడలు పుట్టింటికి పంపింది. ఏడాది తిరిగేసరికి అదొక గ్రూపు అయింది. నాగర్‌కర్నూల్ నుంచి గద్వాల దాకా ఆడవాళ్లు చేరారు. చెప్పేవన్నీ శాకాలే. కిష్టమ్మ మామ మెడలో తులసిమాల వేసుకున్న నాటి నుంచి ఆ ఇంట్లో మాంసం వండలేదు. ఆమె భర్త కురుమూర్తిది వానకు పండే చెలక. పల్లి, కంది, జొన్న ఇంట్లో ఉంటాయి గానీ కూరగాయలు కొనాల్సిందే. కొన్నదాన్ని సాగదీయడం ఆమె అత్త దగ్గర నేర్చుకుంది.

కొలతలు మాత్రం చెప్పేది కాదు. ఏ వంట చెప్పినా చివరికి ఒకటే మాట: "ఆఖరికి ఇంత నాలుక మీద పెట్టి చూస్కో. నీ నాలుకే నీకు చెప్తది." గ్రూపులో ఆడవాళ్లు కూరల ఫొటోలు పెట్టి, నాలుక పెట్టినం కిష్టక్కా అని కింద రాసేవాళ్లు.

ఈసారి వానల మొదట్లో ఆమెకు జ్వరం వచ్చింది. తగ్గినాక లేచి కూర్చుని గంజి తాగింది. ఉప్పు వేయడం మరిచావా అని భర్తను అడగబోయి, పక్కనున్న మామిడికాయ ముక్క నోట్లో పెట్టుకుంది. అదీ అంతే. మెత్తగా, తడిగా ఉంది, ఇంకే రుచీ తెలియలేదు. దవాఖానలో డాక్టరమ్మ కొందరికి ఇట్లా అవుతుందని, మెల్లగా తిరిగి రావచ్చని, ఎప్పుడో తాను చెప్పలేనని అంది. బయట బండి దగ్గర నిలబడ్డ కురుమూర్తికి కిష్టమ్మ నీరసమని మాత్రం చెప్పింది.

పల్లీలు వేయించినప్పుడు ఇంకొకటి తెలిసింది. ఎప్పుడూ వాసన చూసే దించేది. ఆ రోజు వాసనే తగలక పొగ లేచేదాకా కదలలేదు, సగం నల్లబడ్డాయి. అప్పటి నుంచి పొట్టు చిట్లడం చూసి దించడం మొదలుపెట్టింది. ఉప్పు దగ్గర కన్ను పనిచేయదు. ఎన్నేళ్లుగానో వేస్తున్నంతే ఆమె చేయి ఇప్పుడూ వేస్తుంది. కానీ వేసినాక నాలుకను అడగడం ఆమెకు అలవాటు. అక్కడి నుంచి జవాబు రాకపోయేసరికి చేతి మీద కూడా నమ్మకం పోయింది. ఒకరోజు అనుమానపడి మళ్లీ వేసేది. మరునాడు భయపడి తగ్గించేది.

కురుమూర్తి ఏమీ అనలేదు. అతను తిండి గురించి మాట్లాడే మనిషి కాదు. పెళ్లయిన కొత్తలో ఎట్లుందని అడిగితే బాగుంది అన్నాడు. ఆ తరవాత ఎప్పుడు అడిగినా అదే మాట. అందుకని కిష్టమ్మ అతని చేతులు చూసేది. చెంబు రెండోసారి ముంచుకుంటే ఉప్పు ఎక్కువైనట్టు. ఊరగాయ సీసా దగ్గరికి లాక్కుంటే తక్కువైనట్టు.

ఫోన్‌లో వంటలు చెప్పడం ఆగిపోయింది. తన నోటికే తెలియని కూరను ఇంకొకరికి ఎట్లా చెప్పేది. గొంతు బాగాలేదని గీతకు చెప్పింది. గ్రూపులో అడుగుతున్నారని గీత నాలుగు రోజులకోసారి గుర్తుచేసేది. గద్వాల నుంచి ఒకామె ఎండాకాలంలో పుంటికూర, అదే గోంగూర, ఎండబెట్టి డబ్బాకెత్తిందట, దాన్ని ఎట్లా వండాలో కిష్టక్కే చెప్పాలని కూర్చుందట. చెప్తానని కిష్టమ్మ దాటవేసింది. ఇక ఆ పని తనతో కాదని లోపల అనుకుంటూనే ఉంది.

శ్రావణం వచ్చింది. శనివారాలు ఊరి ఆంజనేయస్వామి గుడి వెనక ఆడవాళ్లు కలిసి పులిహోర, పప్పు వండుతారు. నైవేద్యం అయ్యేదాకా ఎవరూ రుచి చూడరు. కిష్టమ్మకు అక్కడ హాయిగా ఉండేది. ఆ పొయ్యిల దగ్గర అందరూ ఆమెలాగే. ఉప్పు మాత్రం ఒక్క చేయే వేయాలని వాళ్లు పెట్టుకున్న కట్టడి. ఇద్దరు వేస్తే ఎవరు ఎంత వేశారో తేలదు, నోట పెట్టి చూసుకునే వీలూ లేదు. ఆ చేయి ఎప్పుడూ విజయమ్మది.

ఒక శనివారం విజయమ్మ కూతురి కాన్పుకని వనపర్తి వెళ్లింది. ఉప్పు కిష్టమ్మను చూడమని చెప్పి పోయిందట. ఫోన్‌లో అన్ని ఊళ్లకూ వంట చెప్పే మనిషి ఉండగా ఇంకొకరెందుకు అని మిగతావాళ్లు కూడా అన్నారు. కాదనడానికి కిష్టమ్మ దగ్గర ఒక్క కారణమే ఉంది. అది చెప్పలేకపోయింది.

చింతపులుసు మరుగుతుండగా దొడ్డుప్పు వేసింది. సరిపోయేంతే వేసింది. పులుసు అన్నానికి పట్టించేటప్పుడు అనుమానం మొదలైంది. పసుపు కనిపిస్తుంది, కరివేపాకు కనిపిస్తుంది, ఉప్పు కనిపించదు. నిజంగా వేసిందా, వేద్దామనుకుని పోపు వైపు తిరిగిందా? పక్కనున్నవాళ్లను అడగడానికి నోరు రాలేదు. ఇంకో పిడికెడు మెత్తటి ఉప్పు అన్నం మీద చల్లి కలిపింది.

నైవేద్యం అయి, జనం బంతిలో కూర్చున్నారు. ప్రసాదానికి వంక పెట్టకూడదు. ఎవరూ పెట్టలేదు. కళ్లకు అద్దుకుని తిన్నారు. మజ్జిగ గంగాళం మాత్రం బంతి సగమన్నా కాకముందే అడుగంటింది. ఒక ముసలాయన మజ్జిగ మళ్లీ అడిగి పోయించుకుని, పులిహోరలోనే పిసుక్కుని తిన్నాడు. వడ్డిస్తున్న కిష్టమ్మ తల తిప్పుకుంది. ఇంటికి పోతూ ఎట్లుందని కురుమూర్తిని అడిగింది. బాగుంది అన్నాడు. ఇంట్లోకి పోగానే బిందె దగ్గర నిలబడి చెంబెడు నీళ్లు దించకుండా తాగాడు.

మరునాడు ఆమె పప్పు గిన్నె పట్టుకుని పక్కింటి గోడ దగ్గరికి పోయింది. గోడ అవతల హలీమాబీ ఉంటుంది, జాకెట్లు కుడుతుంది, కిష్టమ్మకంటే పెద్దది. ఎన్నో ఏళ్లుగా ఇటు పప్పు అటు పోతుంది, అటు నుంచి టమాట ఖట్టా వస్తుంది. ఆ గోడ మీదుగా ఖాళీ గిన్నె ఎప్పుడూ తిరిగి రాలేదు. హలీమాబీ మిషను ఆపి వచ్చింది.

"ఉప్పు ఎట్లుందో చూసి చెప్పు, హలీమక్కా," అంది కిష్టమ్మ.

హలీమాబీ వేలు ముంచి నాకి, పక్కకు తిరిగి ఉమ్మింది. "ఉప్పు కషం. పోయినసారిది చప్పగుండె. శాన దినాల సంది నీ పప్పు మా కోళ్లే తింటున్నయి. ఇప్పుడు అవి గూడ గోడ దిక్కు వస్తలేవు."

"మరి చెప్పకపోతివి."

"నువ్వు అడగకపోతివి. లోకానికి వంట చెప్పేదానివి, నీకు నేనేం చెప్పాలె."

అప్పుడు కిష్టమ్మ అన్నీ చెప్పింది. మామిడికాయ ముక్క, మాడిన పల్లీలు, భర్త ముంచుకునే చెంబు, శనివారంనాటి రెండో పిడికెడు. ఇక వంటల సంగతి ఫోన్‌లో మాట్లాడనని కూడా చెప్పింది. అంతా విన్నాక హలీమాబీ, రంజాన్ నెలంతా తాను రోజా ఉండి వండే సంగతి ఎత్తింది. ఇంటిల్లిపాదికీ ఇఫ్తార్‌కు వండేది ఆమే. పొద్దుగూకేదాకా తాను దేన్నీ నాలుక మీద పెట్టదు. కిష్టమ్మ అది ఏటా చూస్తూనే ఉంది. ఉప్పు సంగతి ఎన్నడూ ఆలోచించలేదు. ఎట్లా తెలుస్తుందని అడిగింది.

"తెల్వదు," అంది హలీమాబీ. "చెయ్యికి తెలిసినంత ఏస్త. ఏసి డబ్బ అటక మీద పెడ్త, మళ్ల చెయ్యి పోకుండ. రోజా ఇడిచినంక మా షరీఫ్ తిని చెప్తడు, అమ్మీ ఇయ్యాల తక్కువైందని. రేపు జర ఎక్కువేస్త. చెప్పేటోడు ఉండాలె గని నాలుక లేకున్న నడుస్తది."

"మా ఇంట్ల చెప్పేటోడు లేడు."

"అడుగు. చెంబును కాదు, మనిషిని అడుగు."

గిన్నె తిరిగి ఇస్తూ అందులో రెండు నిమ్మకాయలు వేసింది. పప్పు కోళ్లకు వద్దు, నిమ్మరసం పిండి నీళ్లు పోసి చారు కాచుకొమ్మంది.

ఆ మధ్యాహ్నం కురుమూర్తి చెలక నుంచి వచ్చి కాళ్లు కడుక్కున్నాక కిష్టమ్మ ఆ సంగతి చెప్పింది. అతను రొట్టె తుంచి చారులో అద్దుకుంటూ చెప్పాడు. పల్లీలు మాడిన నాటి నుంచే తనకు అనుమానమట. అంటే బాధపడుతుందని అనలేదట.

"ఇగ అను," అంది ఆమె.

అది అతనికి సులువుగా రాలేదు. ఆ రోజు చారు తాగి అలవాటుగా బాగుంది అన్నాడు. అని, తప్పు చేసినవాడిలా ఆమె వైపు చూశాడు. కిష్టమ్మ ఉప్పు డబ్బాను అటక మీదికి ఎక్కించింది. వంటకోసారి దించడం, ఒకే పిడికెడు వేయడం, మళ్లీ ఎక్కించడం. అనుమానం వచ్చినా స్టూలు ఎక్కాలంటే మోకాళ్లు ఒప్పుకోవు, అదీ మంచికే అయింది. కొన్నాళ్లకు కురుమూర్తి ముద్ద నోట్లో పెట్టుకుని ఆగడం నేర్చుకున్నాడు. తలెత్తి, తక్కువుంది అనేవాడు. లేదంటే నిన్నటి లెక్కనే ఉంది అనేవాడు. ఇన్నేళ్ల కాపురంలో అన్నం దగ్గర అతను అన్ని మాటలు మాట్లాడటం అదే మొదలు.

విజయమ్మ వనపర్తి నుంచి తిరిగొచ్చాక కిష్టమ్మ ఆమెకు కూడా చెప్పింది. విజయమ్మ ఉప్పు తన దగ్గరే పెట్టుకుని కిష్టమ్మకు పోపు అప్పగించింది. ఆవాలు చిటపటమనేది చెవికి తెలుస్తుంది కదా అంది.

ఒకరోజు కిష్టమ్మ ఇంట్లో ఉన్న ఎండు పుంటికూర తీసి కందిపప్పులో వండింది. వడ్డించి, కురుమూర్తి మాట విని, అతను చేయి కడుక్కోవడానికి లేచినాక రేకుల కిందికి పోయి ఫోన్ తీసింది. బొటనవేలు పెట్టి, తీసి, మళ్లీ పెట్టింది.

"గద్వాల అక్కా, ఎండిన పుంటికూరను ఉడుకు నీళ్లల నానపెట్టు. ఆ నీళ్లు పారబోయకు, పులుపంత అండ్లనే ఉంటది, పప్పుల పొయ్యి. చింతపండు అక్కరలేదు. ఎల్లిగడ్డ, ఎండుమిరపకాయ పోపు పెట్టు, సాలు. ఇంకొక మాట. జ్వరమొచ్చి పోయినంక నాకు నాలుకకు రుచి తెలుస్తలేదు. అందుకే ఇన్నాళ్లు మాట్లాడలే. నేను పిడికెడు ఉప్పేసిన. మా ఇంటాయన తిని జర తక్కువైందన్నడు. మీరు ఇంకింత ఏస్కోండ్రి. ఏసి, నాలుక మీద పెట్టి చూసి, ఎట్లుందో నాక్కూడ చెప్పుండ్రి."

ఆమె వేలు తీయకముందే వెనక నుంచి, తుండుతో చేయి తుడుచుకుంటూ కురుమూర్తి, "కారం గూడ తక్కువే," అన్నాడు.

అది కూడా అందులో పడింది. తీసేయడం ఆమెకు రాదు. అట్లాగే పంపింది.