పెద్దమ్మ రిపోర్టు

నిన్న పోస్టులో ఒక పుస్తకం వచ్చింది. నేను పనిచేసి రిటైరైన ధర్మసంస్థ వాళ్ళు పాత ఉద్యోగులకు ఏటా పంపే వార్షిక నివేదిక అది. అట్ట మీద మగ్గం ముందు కూర్చుని మా పెద్దమ్మ నవ్వుతోంది. ఆమె పోయి ఎన్నేళ్ళయిందో ఆ నున్నటి కాగితానికేం తెలుసు!

గద్వాలలో నేతపనివాళ్ళ ఆయాసం మీద పరిశోధన చేస్తామంటూ వచ్చిన ఆ సంస్థ, ఖర్చుల కోసం ఒక చీరల కంపెనీ పెట్టి, లాభమంతా పరిశోధనకేనని గోడల నిండా రాయించింది. రెండింటికీ లెక్కలు రాసే గుమాస్తాను నేను. ఏడాది చివర వాటిని కలిపి ఒకే నివేదిక చేయాలి. నూలు చీరకు పట్టు అంచు కలిపినట్టు, అతుకు కనపడకుండా కలపమనేవాడు మా మేనేజరు. వనపర్తి, నాగర్‌కర్నూల్ దుకాణాల అద్దెలు, ఆయన కారు డీజిలు, పెద్దల ఇళ్ళ పెళ్ళిళ్ళకు పంచిన చీరలు, అన్నీ "పరిశోధన" అన్న ఒక్క మాట కిందికి చేరేవి. చేర్చింది ఈ చేతులే. తలచుకుంటే నా మీద నాకే రోత.

పరీక్షలకని రక్తమిచ్చిన వాళ్ళలో పెద్దమ్మ ఒకతె. నేను రిపోర్టు తయారు చేస్తున్నానని ఎవరో చెబితే, అది తన రక్తం రిపోర్టే అనుకుని, దగ్గుకుంటూ ఆఫీసు మెట్లెక్కి వచ్చింది.

"నా రిపోర్టు తయారైందంట గద కొడుకా, జర ఇయ్యరాదు, దవాఖానల సూపిస్త."

రక్తాన్ని పరీక్షకు పంపనేలేదని నాకు తెలుసు. మేనేజరు ఎదురుగా ఉండడంతో లెక్కల్లోకి తల దించుకున్నాను. వద్దనేలోపే ఆమె బల్ల మీది నివేదికను కొంగులో చుట్టుకుని వెళ్ళిపోయింది. దవాఖానలో డాక్టరు పేజీలు తిప్పి, ఇది చీరల దుకాణం లెక్క అని నవ్వాడట. మర్నాడు మళ్ళీ వచ్చింది.

"నీకు సదువొచ్చు గదరా, ఇందుల నేనేడున్ననో సూపియ్యి."

నేను "పరిశోధన" అన్న మాట మీద వేలు పెట్టి, ఇక్కడ పెద్దమ్మా, అన్నాను. ఛీ! ఆమె ఆ మాటను తడిమి, వేళ్ళు కళ్ళకద్దుకుంది. ఆ చలికాలం దాటలేదు.

ఇప్పుడు లెక్కలు కంప్యూటరే కలుపుతుంది, అతుకు వెతికినా దొరకదు. ఆనాడు పెద్దమ్మకు పుస్తకంలో ఒక్క మాట చూపించాను, ఈనాడు అట్టంతా ఆమే. పేజీలు తిప్పితే ఆ మాట ఇంకా అక్కడే ఉంది. దాని మీదికి వెళ్ళిన వేలును వెనక్కి తీసుకుని, లేచి చేతులు కడుక్కున్నాను.