కానుగ నూనెతో నడిచిన జీపు

అనకాపల్లిలో చోడవరం రోడ్డు మీద డీజిల్ పంపులు బాగుచేసే షెడ్లు నాలుగైదు ఉండేవి. వాటన్నిటిలోకీ యేసుదానం షెడ్డు చిన్నది. తండ్రి చర్చిలో గంట కొట్టే పని చేస్తూ అతన్ని పదో తరగతి దాకా చదివించాడు. ఆపైన తన వల్ల కాక ఒక లారీ మెకానిక్కు దగ్గర పనిలో పెట్టాడు. పదేళ్లు తిరిగేసరికి యేసుదానం చెవి ఎంత పదునెక్కిందంటే, బండి ఇంకా మలుపు తిరుగుతుండగానే చప్పుడు విని ఏ నాజిల్ డీజిల్ సరిగా చిమ్మడం లేదో చెప్పేసేవాడు.

తర్వాత ఒక పాత జీపు కొన్నాడు. ఇంజను తనే విప్పి, తనే కట్టాడు. వారంలో నాలుగు రోజులు షెడ్డు, మూడు రోజులు జీపు. రోలుగుంట మీదుగా కొండ ఊళ్లకు వెళ్లి, అక్కడి జనాన్నీ వాళ్ల చింతపండునూ పసుపునూ దించుకొచ్చేవాడు. ఆ దారిలోనే పోతన్న పరిచయమయ్యాడు. అరవై దాటిన మనిషి, మెట్ట మీద చోడీ సామా లాంటి చిరుధాన్యాలు పండించుకునేవాడు. వరసేమీ లేకపోయినా యేసుదానం ఆయన్ని మామా అనేవాడు, ఆయన ఇతన్ని అల్లుడా అనేవాడు.

రెండువేల మూడులో డీజిల్ ధర నెలకోసారి పెరుగుతుంటే యేసుదానం స్టీరింగ్ ముందు కూర్చుని గొణుక్కోవడం పోతన్న విన్నాడు.

"డీజిలు డీజిలని ఏడుత్తావేటల్లుడా? మా గెడ్డ ఒడ్డు పొడుగునా కానుగ సెట్లే. మా తాతలు ఆ సవురుతోనే దీపాలెట్టుకునీవోరు. దీపం ఎలిగితే నీ బండి ఎలగదేటి?"

పక్కన కూర్చున్నవాళ్లు నవ్వారు. యేసుదానం నవ్వలేదు. కానుగ నూనెతో ఇంజన్లు నడుస్తాయని అప్పటికే పేపర్లో ఒకటి రెండుసార్లు చదివాడు. తర్వాతి ట్రిప్పులో రెండు బస్తాల గింజలు తెచ్చి తుమ్మపాల దగ్గర నూనె మిల్లులో ఆడించాడు. చిక్కగా, ముదురు రంగులో, చేదు వాసనతో నూనె దిగింది. పాత పంచె మడతలు పెట్టి వడకట్టి, ముందు ముప్పాతిక డీజిల్లో పాతిక నూనె కలిపాడు. బండి నడిచింది. సగం సగం చేశాడు. అలాగూ నడిచింది. ఎండాకాలం వచ్చేసరికి నూనే ఎక్కువ, డీజిలే తక్కువ.

పోతన్న ఊరివాళ్లు గింజలు ఏరిపెట్టేవారు, యేసుదానం వాళ్లను సంతకు ఊరికే తీసుకెళ్లేవాడు. జీపు వెళ్లిన దారంతా ఏదో వేపుడు మూకుడు పొయ్యి మీద మరిచిపోయినట్టు వాసన వేసేది. ఆ వాసన వస్తే చాలు, కొండ పిల్లలు రోడ్డు మీదకు పరుగెత్తుకొచ్చేవారు.

అతని భార్య తబితాకు మాత్రం ఇది నచ్చలేదు. కుట్టుమిషను ముందు నుంచి తలెత్తి అనేది:

"ఇంజినుకది మందో ఇసమో నీకే తెల్దు. అందులో మనుసుల్ని ఎక్కిత్తన్నావు."

"ఏటవదు లేవే. నా సెవి నాకు సెప్పదేటి?"

చెవి చెప్పేది. నూనె జిగురు ఫిల్టర్లో పేరుకుంటోందనీ, చలికి ఇంకా చిక్కబడుతోందనీ అతనికి తెలుసు. పదిహేను రోజులకోసారి ఫిల్టరు మార్చేవాడు. మార్చిన రోజున బండి మళ్లీ కొత్తదైపోయేది.

రెండువేల ఐదు డిసెంబరులో, సంత రోజు సాయంత్రం రోలుగుంటలో జనాన్ని ఎక్కించుకుని కొండకు బయలుదేరాడు. ఊరు దాటే ముందు చిన్న ఎత్తు మీదే బండి రెండుసార్లు దగ్గింది. ఫిల్టరు మూసుకుపోతోందని అతనికి ఆ క్షణానే అర్థమైంది. స్పేర్ పార్టుల దుకాణం రోడ్డుకు అవతలే ఉంది, తలుపులు తీసే ఉన్నాయి. కానీ జీపు నిండా జనం, అందరికీ ఇంటికి చేరే తొందర. రేపు దిగుతూ చూసుకుందాం అనుకుని గేరు మార్చాడు. జీపు పోతన్న ఊరు చేరింది. ఎప్పటిలాగే ఆ రాత్రి అక్కడే పడుకున్నాడు.

తెల్లారేసరికి పోతన్న కోడలు చిన్నమ్మలుకు నొప్పులు మొదలయ్యాయి. తొలి కాన్పు. మంత్రసాని చూసి, బిడ్డ అడ్డం తిరిగిందనీ, ఇక్కడ తన వల్ల కాదనీ చెప్పింది. చిన్నమ్మలు మొగుడు ఎర్రయ్య ఆమెను ఎత్తుకొచ్చి జీపులో వెనక సీటు మీద పడుకోబెట్టాడు. తోడుకు ఊరి మగాళ్లు ముగ్గురు ఎక్కారు. మంచు ఇంకా విడలేదు. బండి స్టార్టవడానికే చాలాసేపు పట్టింది. రెండు మైళ్లు వెళ్లాక, గెడ్డ దాటి ఎత్తు ఎక్కబోతుండగా ఇంజను ఆగిపోయింది.

యేసుదానం బానెట్ ఎత్తి ఫిల్టరు విప్పాడు. లోపల గోధుమరంగు జిగురు గడ్డకట్టి ఉంది. కడగడానికి విడిగా డీజిల్ లేదు. నోటితో ఊదాడు. చొక్కా విప్పి తుడిచాడు. పైపుల్లో గాలి తీయబోతే స్పానరు రెండుసార్లు జారింది. వెనక నుంచి చిన్నమ్మలు అరుపులు వినిపిస్తూనే ఉన్నాయి. కాసేపు చూసి ఎర్రయ్యా, ఆ ముగ్గురూ వెదురుబొంగుకు దుప్పటి కట్టి డోలీ చేసి, ఆమెను అందులో పెట్టుకుని నడక మొదలుపెట్టారు.

బండి మళ్లీ కదిలేసరికి గంటన్నర దాటింది. మూడు మైళ్ల అవతల వాళ్లను అందుకుని, ఎక్కించుకుని, ఆసుపత్రికి చేర్చాడు. చిన్నమ్మలు బతికింది. బిడ్డ పుట్టింది గాని ఏడవలేదు. ఆడపిల్ల.

ఆసుపత్రి గోడ పక్కన యేసుదానం తల వంచుకుని నిలబడితే, వెనకాల నడిచొచ్చిన పోతన్నే దగ్గరకు వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు.

"నీ సేతిలో ఏటుందల్లుడా? అమ్మోరు తల్లి రాసినట్టే అవుద్ది. నువ్వు లేకపోతే కోడలు కూడా దక్కీది కాదు."

రోలుగుంటలో తెరిచి ఉన్న దుకాణం సంగతి చెప్పాలని యేసుదానం నోరు తెరిచాడు. చెప్పకుండానే జీపు దగ్గరకు నడిచాడు.

ఆ తర్వాత కొండకు జీపు తీయలేదు. ఆదివారం చర్చికి వెళ్లేవాడు గాని పాట పాడేవాడు కాదు. తబితా ఒక్కసారి కూడా నేను ముందే చెప్పలేదా అని అనలేదు. అలా అంటే బాగుండేదని అతనికి అనిపించేది.

మార్చిలో ఒక రోజు ఫిల్టరును కాగితంలో చుట్టుకుని, కాలేజీలో కెమిస్ట్రీ చెప్పే లక్ష్మీకుమారి మేడమ్ దగ్గరకు వెళ్లాడు. ఆవిడ తమ్ముడు ఒకప్పుడు అతని దగ్గరే పని నేర్చుకున్నాడు. ఆ జిగురును వేలితో నలిపి చూసిందావిడ.

"నూనెను నూనెగానే పోశావు యేసుదానం, అదీ వచ్చిన చిక్కు. దీని చిక్కదనం విరగ్గొట్టాలి. మిథనాల్, కాస్టిక్ సోడా కావాలి. రెండూ ప్రమాదమే, జాగ్రత్తగా చేయగలవా?"

"సేత్తాను మేడమ్. ఎన్నాళ్లయినా సేత్తాను."

కానుగ నూనెలో ఆమ్లం ఎక్కువ. మొదటి మూడుసార్లూ డ్రమ్ములో ఉన్నదంతా సబ్బయి కూర్చుంది. నాలుగోసారి సోడా చిమ్మి ముంజేయి కాలింది, ఆ మచ్చ చివరిదాకా ఉండిపోయింది. ముందు ఆమ్లం తగ్గించడం, తర్వాత సమంగా వేడిచేయడం, అడుగున దిగిన గ్లిజరిన్ తీసేయడం, నీళ్లతో కడిగి కడిగి తేరనివ్వడం మేడమ్ ఒక్కొక్కటే నేర్పింది. దసరా వెళ్లాక ఒక సీసాలో తేనెరంగులో పలచగా, తేటగా ఇంధనం నిలిచింది. ఆ సీసాను రాత్రంతా ఐసు ముక్కల్లో పెట్టి పొద్దున్నే చూశాడు. కొంచెం మసకేసింది. ఆ మసక చూసి, చలికాలంలో ఇది పోయనని ఆ రోజే నిర్ణయించుకున్నాడు. జీపుకు రెండో ట్యాంకు కట్టి అందులో ఎప్పుడూ అచ్చంగా డీజిలే ఉంచాడు. రోగిని ఎక్కించుకున్నప్పుడు ఆ ట్యాంకుకే తిప్పేవాడు.

మళ్లీ కొండకు వెళ్లిన రోజున పోతన్న ఊరంతటినీ పిలిచి గింజల బస్తాలు చూపించాడు. ఏడాదిగా ఏరిస్తూనే ఉన్నాడట. చిన్నమ్మలు మాత్రం జీపు దగ్గరకు రాలేదు. సంతకు నడిచే వెళ్లేది. దారిలో ఎదురైతే పక్కకు తప్పుకునేది.

రెండువేల ఏడు వేసవిలో ఒక మధ్యాహ్నం ఆమే వచ్చింది. యేసుదానం ఒక్కడే బస్తాలు సర్దుతున్నాడు. గింజల బుట్ట దించి, వెళ్లకుండా నిలబడింది.

"దీన్నేటి సేత్తావన్నియ్యా?"

చెప్పాడు. ఉడకబెట్టడం, కడగడం, అన్నీ చెప్పాడు. చెబుతూ చెబుతూ ఆగి, బస్తా వదిలేశాడు.

"సెల్లీ, ఆ ముందురోజే నాకు తెలుసు. బండి దగ్గింది. దుకాణం ఎదురుగానే ఉంది. రేపు సూసుకుందారిలే అనుకున్నాను. అమ్మోరు తల్లి రాసింది కాదది. నాను సేసేను."

చిన్నమ్మలు కొంగు చివర వేలికి చుట్టుకుంటూ, విప్పుతూ నిలబడింది.

"మా మామకి సెప్పేవా?"

"లేదు. ఈవేళ సెప్తాను."

"సెప్పకు." ఆమె గొంతు గట్టిగా వచ్చింది. "ఈ గింజలు ఆయనిచ్చినవే. కానుగ సవురు పొయ్యమని నీకు సెప్పింది ఆయనే. దానివల్లే అని తెలిత్తే తన సేత్తోనే సంపేననుకుంటాడు. తట్టుకోలేడు. నాకు సెప్పేవు, సాలు. నువ్వు మొయ్యి, నానూ మోత్తాను."

బుట్ట అక్కడే వదిలేసి వెళ్లిపోయింది. క్షమించానని అనలేదు. యేసుదానం అడగనూ లేదు.

ఆపైన రెండేళ్లు పోతన్న జీపులో ముందు సీటు మీదే కూర్చునేవాడు. ఎక్కిన ప్రతివాడికీ చెప్పేవాడు:

"ఇది మా కానుగ సెట్ల సవురుతో నడుత్తంది, ఎరికేనా? నానే సెప్పేను అల్లుడికి."

యేసుదానం రోడ్డు మీంచి చూపు తిప్పేవాడు కాదు.

రెండువేల తొమ్మిది వేసవిలో పోతన్న జ్వరంతో పోయాడు. ఆసుపత్రి నుంచి శవాన్ని యేసుదానమే ఊరికి చేర్చాడు. అంతా అయ్యాక, జనం గెడ్డలో స్నానాలు చేస్తుండగా చిన్నమ్మలు తడి చీరతోనే అతని దగ్గరకు వచ్చింది.

"ఇంక నీ ఇష్టం అన్నియ్యా. సెప్పుకోవాలనుంటే సెప్పుకో. బాధపడీ మడిసి ఎల్లిపోయేడు."

ఆ రాత్రి ఇంటికి వచ్చి తబితాకు మొదట చెప్పాడు. ఆమె విని, లేచి వచ్చి పక్కన కూర్చుంది.

అప్పటికే చుట్టుపక్కల ఆటోవాళ్లూ ట్రాక్టరువాళ్లూ అతని ఇంధనం కోసం షెడ్డుకు వచ్చేవారు. ఆ తర్వాత కొత్తగా ఎవరొచ్చినా ముందు బల్ల మీద కూర్చోబెట్టి డిసెంబరు పొద్దున జరిగింది చెప్పేవాడు. ఊరి పేరు చెప్పేవాడు కాదు, మనుషుల పేర్లు చెప్పేవాడు కాదు. తన పేరు మాత్రం చెప్పేవాడు. బండి దగ్గిన రోజునే ఫిల్టరు మారుస్తానని వాళ్ల చేత అనిపించుకున్నాకే డ్రమ్ము మూత తీసేవాడు. కొందరు విని, మాకు డీజిలే మేలని లేచిపోయేవారు. వాళ్లను అతను ఎప్పుడూ ఆపలేదు.