మా ఇంటికి వచ్చిన ఆకుపచ్చ నక్షత్రం

ఈ ఏడాది మా పాప బడిలో వారానికి రెండు పీరియడ్లు ప్రపంచ సమస్యల కోసం పెట్టారు. పాప నాలుగో తరగతి. పుస్తకం ఇంటికొచ్చిన రోజు, తను పడుకున్నాక నేనే ముందు చదివాను. కరుగుతున్న మంచు, ఆకలి, వలసలు, తాగునీళ్ళు. నేను డిగ్రీలో ఇష్టంగా చదివిన సంగతులు నా బిడ్డకు తొమ్మిదేళ్ళకే అందుతున్నాయని పొంగిపోయాను. చలికాలం మొదలవగానే దగ్గే పిల్ల నాది. బొగ్గు దుమ్ము నిండిన మన ఊరి గాలి మీద కూడా ఎక్కడో ఒక పాఠం ఉంటుందని పేజీలన్నీ తిప్పాను. లేదు.

తర్వాత ఒక కాగితం వచ్చింది. మీ ఇల్లు భూమిని ఎంత వేడెక్కిస్తోంది అని పైన పెద్ద అక్షరాలు. కారుందా, విమానం ఎక్కారా, పోయిన నెల కరెంటు ఎన్ని యూనిట్లు వాడారు, బిల్లు చూసి రాయండి.

గోదావరిఖనిలో మేముండేది బొగ్గు గనుల కంపెనీ క్వార్టర్‌లో. కరెంటు కంపెనీయే ఉచితంగా ఇస్తుంది, మీటరు లేదు, మాకు బిల్లు రాదు. పెళ్ళయి వచ్చిన కొత్తలో పట్టపగలు వరండాలో బల్బు వెలుగుతుంటే ఆర్పబోయాను. మా అత్తమ్మ నవ్వింది. ఇప్పుడు నేనూ ఆర్పడం లేదు. అన్నం హీటర్ మీదే, అంటే కరెంటు పొయ్యి మీదే ఉడుకుతుంది, స్నానాలకు నీళ్ళూ దాని మీదే కాగుతాయి. ఏసీ ఉంది. నెలకు ఎన్ని యూనిట్లో నాకు తెలియదు. తెలుసుకునే అవసరమే రాలేదు.

"బిల్లు రాదని రాయి" అన్నాను. అలా కుదరదు, అంకె వెయ్యమందట టీచర్. పాప సున్నా వేసింది. క్లాసులో క్వార్టర్ల పిల్లలంతా సున్నాలే వేశారు. వాళ్ళను చూసి మిగతావాళ్ళూ వేశారు. సున్నాలన్నిటికీ ఆకుపచ్చ నక్షత్రాలు వచ్చాయి.

ఎర్ర సూర్యుడి బొమ్మ ఒక్కరికే పడింది. మా పాప పక్కన కూర్చునే పిల్లకు. వాళ్ళ నాన్న ఆటో నడుపుతాడు, అమ్మ ఇంట్లో బట్టలు కుడుతుంది. నా జాకెట్లన్నీ ఆమె కుట్టినవే. రెండు గదుల అద్దె ఇల్లు, ఒక ఫ్యాను, రెండు బల్బులు, కుట్టు మిషనుకు మోటరు. ఆ పిల్ల మాత్రం బిల్లు వెతికి, చూసి, ఉన్నది ఉన్నట్టు రాసింది. శనివారం తల్లిదండ్రుల మీటింగులో ఎర్ర చార్టు పట్టుకుని నిలబడి, మా ఇంట్లో కరెంటు తగ్గిస్తాం అని ప్రమాణం చెయ్యాలట.

ఇవేవీ పాప నాకు చెప్పలేదు. జాకెట్టు కోసం వెళ్తే ఆ పిల్ల తల్లి చెప్పింది. మోటరు బెల్టు ఊడదీసి, కాళ్ళతో మిషను తొక్కుతోంది.

"మోటరు ఖరాబైందా?" అని అడిగాను.

"లేదక్కా, మంచిగనే ఉన్నది. మా బిడ్డ వద్దన్నది. మనం కరెంటు కాలిస్తె దునియా మొత్తం ఖరాబైతదట. నిన్నటి సంది ఫ్యాను గూడ బంద్ జేస్తున్నది. బళ్ళె చెప్పినంక నేనేమంట?" మిషను ఆపకుండానే అంది, "మీ బిడ్డకు గ్రీన్ స్టార్ అచ్చిందట గదా. మంచిగున్నది."

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. ఉంటే కొంచెం తేలికపడేదాన్ని.

మర్నాడు బడికి వెళ్ళాను. టీచర్ నాకన్నా చిన్నది. గుట్టగా పడున్న నోటుపుస్తకాల వెనక కూర్చుని దిద్దుతోంది.

"మేడం, గా షీట్లు హైదరాబాద్ నుంచి వస్తయ్. నంబర్ చూసి కలర్ ఇస్తం, గంతే. మీ పాపకు గ్రీనే వచ్చింది గదా, మీకేం ఫికర్?"

"ఆ గ్రీన్ తప్పు. మా ఇంట్లో వాడే కరెంటులో ఆ పిల్ల ఇంట్లో వాడేది పావు వంతు కూడా ఉండదు."

"మరి జీరో ఎవరు రాసిండ్రు మేడం?"

సరైన అంకె తెస్తే మారుస్తానంది.

ఇంటికొచ్చి హీటర్ తిరగేసి వాట్లు చూశాను. కుర్చీ వేసుకుని ఏసీ మీది స్టిక్కర్ చదివాను. రోజుకు ఎన్ని గంటలో వేసి, కూడి, గుణిస్తుంటే మా ఆయన మొదటి షిఫ్టు దిగి వచ్చాడు. ఓపెన్ కాస్టు బొగ్గు గనిలో డంపర్ నడుపుతాడు. ఏం రాస్తున్నవని అడిగితే చెప్పాను.

"నీకేమన్న పిచ్చి లేసిందా? గా కాగితం తిరిగి తిరిగి కంపెనీ ఆఫీసుల పడ్డదనుకో, రేపు ఇంటింటికి మీటర్లు పెడ్తరు. కాలనీ కాలనీ మన మీదికస్తది."

గోడ అవతల బట్టలారేస్తున్న పక్కింటామె వినేసింది. "వదినా, నీకు దండం పెడ్త. జర మా హీటర్‌నన్న బతకనియ్యరాదు!" నవ్వుతూనే అంది. మళ్ళీ లోపలికి పోతూ ఒకసారి వెనక్కి తిరిగి చూసింది.

పాప ఏడుపు మొదలుపెట్టింది. "నా స్టార్ పోతది మమ్మీ."

"మరి నీ దోస్తుకు ఎర్రది ఇస్తే నీకేమనిపించలేదా?" గొంతు పెంచాను.

పాప కళ్ళు తుడుచుకుంది. తర్వాత, "అది నాతోని అన్నం తింటలేదు" అంది. నేను లెక్క వేసిన కాగితం తీసుకుని తనే సంచిలో పెట్టుకుంది.

శనివారం ఆ పిల్ల బడికి రాలేదు. ఎర్ర చార్టు ముందే తయారై ఉంది, మా కాగితమూ చేరింది. టీచర్ చార్టును మా పాప చేతికిచ్చింది. పాప మా అంకె చదివింది. వెనక వరసలోంచి ఎవరో, "మీ ఒక్కింట్లనే గాదు బిడ్డా, అందరిండ్లల్ల గదే కథ!" అన్నారు. అంతా నవ్వారు, చప్పట్లు కొట్టారు. మా ఆయన తల దించుకున్నాడు. తర్వాత హెడ్ సార్ లేచి ధ్రువాల దగ్గర మంచు ఎలా కరుగుతోందో చెప్పాడు.

ఆ అమ్మాయి రాసిందే సరైన కాగితమని టీచర్ ఒక్క మాట అంటుందని చివరిదాకా కూర్చున్నాను. మైకు వైరు చుట్టేదాకా కూర్చున్నాను. అనలేదు. నా బిడ్డను అంతమంది ముందు నిలబెట్టి నేను సాధించింది ఒక నవ్వు.

పాపను తీసుకుని అట్నుంచి అటే వాళ్ళింటికి వెళ్ళాను. ఆ పిల్ల గడపలో కూర్చుని ఉంది. నువ్వు నిజం రాశావు, మేమే తప్పు రాశాం, క్లాసు మొత్తంలో తక్కువ కరెంటు వాడేది మీ ఇల్లే కావచ్చు, ఫ్యాను వేసుకోండి అని చెప్పాను. అంతా శ్రద్ధగా వింది.

"టీచర్ చెప్పిందా ఆంటీ?"

"లేదమ్మా. నేను చెప్తున్న."

"మీరు చెప్తె ఎట్లయితది? కరెంటు తగ్గించుమన్నది టీచర్ గదా."

లోపల్నుంచి తల్లి, "ఇంటలేదక్కా, మొండిది" అంది. మిషను చప్పుడు ఆగలేదు.

సోమవారం మళ్ళీ వెళ్తాను. ఈసారి మా పాప కాగితం గురించి అడగను. క్లాసు ముందు ఆ అమ్మాయిని లేపి, నువ్వు సరిగ్గా రాశావు అని టీచర్‌ను చెప్పమంటాను. అది హైదరాబాద్ షీటులో లేదంటుందేమో. అన్నా సరే, చెప్పేదాకా అక్కడే కూర్చుంటాను.