ఆడిట్ రోజు పట్టిన జలుబు

ఉద్యోగంలో నన్ను ముంచింది పేషెంట్లూ కాదు, డాక్టర్లూ కాదు. ముందూ వెనకా ఆలోచించి, ఎంతో తెలివిగా, నాకు నేనే చేసుకున్న ఒక ఏర్పాటు. అది ఎలా బెడిసికొట్టిందో చెప్తాను. మీరు హాయిగా నవ్వుకోండి. నాకు మాత్రం తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

నేను నందిగామలో ఒక మానసిక ఆరోగ్య కేంద్రంలో ఆక్యుపేషనల్ థెరపిస్టుని. అంటే ఏమిటని అడక్కండి, చెప్పి చెప్పి నోరు నొప్పెట్టింది. సరే, మీకోసం ఇంకొక్కసారి. మనసు బాగాలేక అన్నీ వదిలేసి కూర్చున్నవాళ్ల చేత స్నానం, వంట, బజారు, ఉద్యోగం, ఇలా ఒక్కోటీ మళ్లీ చేయించడం నా పని. ఇంత వివరంగా చెప్పాక కూడా మా జగ్గయ్యపేట వీధిలో వాళ్లు, "అయితే ఓసారి మా అమ్మ మోకాలు చూడమ్మా" అంటారు.

మా సంస్థలో ఏటా ఒక ఆడిట్ ఉంటుంది. డబ్బు లెక్కలది కాదు. డిగ్రీ వచ్చేసింది కదా అని మేం బుర్రకి తాళం వేసుకున్నామా, కొత్తగా ఏమైనా నేర్చుకున్నామా అని చూసే ఆడిట్. నేర్చుకోలేదని తేలితే నందిగామ నుంచి పీకి, విజయవాడ పెద్దాఫీసులో ఇంకొకరి కింద కూర్చోబెడతారు. నాకు నందిగామ బస్సు అందుకోవడమే గగనం. రోజూ విజయవాడ అంటే ఇక బస్సులోనే కాపురం పెట్టాలి.

ఆ నేర్చుకోవడం కోసం శనివారం మధ్యాహ్నాలు ఫోన్లో క్లాసులు పెట్టారు. వారమంతా పనిచేసి, శనివారం ఇంత పప్పన్నం తిన్నాక మనిషికి చదువొస్తుందా, నిద్రొస్తుందా? మీరే చెప్పండి. పోనీ ఫోన్ పక్కన పడేసి పడుకుందామంటే మధ్యమధ్యలో తెర మీద 'ఉన్నారా?' అని వస్తుంది. నొక్కాలి. నొక్కకపోతే రానట్టే లెక్క. నొక్కడానికి థెరపిస్టే ఎందుకు, వేలుంటే చాలు కదా అనిపించింది. మా అత్తగారు మరియమ్మగారికి వేళ్లూ ఉన్నాయి, తీరికా ఉంది.

"అత్తయ్యా, ఇది వచ్చినప్పుడల్లా ఇక్కడ నొక్కండి. అంతే" అన్నాను, కెమెరా ఆపేసి ఫోన్ చేతిలో పెడుతూ.

"అంతేనా? మాట్లాడొద్దా?"

"ఒక్క ముక్క కూడా మాట్లాడొద్దు."

ఈ మాట నేను ఎవరితో అన్నాను? పాస్టరుగారి ప్రసంగం మధ్యలో చెయ్యెత్తి సందేహాలడిగే మనిషితో. అని, నమ్మి, వెళ్లి పడుకున్నాను. నాకు బుద్ధుండాలి!

ఆడిట్ రోజు రానే వచ్చింది. సర్టిఫికెట్లన్నీ వరసగా ఫైల్లో పెట్టుకుని, ఇస్త్రీ చీర కట్టుకుని సిద్ధంగా ఉన్నాను. వచ్చినాయన భాస్కర్‌గారు. శనివారం క్లాసులు చెప్పిందీ ఆయనే. ఫైలు వైపు కన్నెత్తి కూడా చూడలేదు.

"సునీతగారంటే మీరేనా! అందరూ మౌనవ్రతం పడితే, ఒక్క క్లాసులో కూడా నన్ను ఊపిరి తీసుకోనివ్వని మనిషి మీరేనండీ!"

నేను మెల్లిగా ఫైలు మూసేశాను.

"కానీ ఫోన్లో మీ గొంతు ఇంకాస్త పెద్దావిడ గొంతులా ఉండేదే?"

"జలుబండీ సార్."

"అన్ని శనివారాలూనా?"

"మాది సిమెంట్ ఫ్యాక్టరీల ఊరు కదండీ. దుమ్ము."

ఆయన జాలిగా తలూపి, కుర్చీ ముందుకు జరుపుకున్నారు. "సరే, ఆ పెద్దాయన కేసు ఎంతవరకొచ్చింది?"

"ఏ పెద్దాయనండీ?"

"అదేనండీ, రిటైరయ్యాక కుర్చీలోంచి లేవట్లేదు, మంచినీళ్లకి కూడా కేకే అన్నారుగా! ఆయన పనులు మీరు చేసిపెట్టకండి, ఆయన్నే చేసుకోనివ్వండి అన్నా. 'రేపట్నుంచి పిలిచినా పలకను సార్' అని మాటిచ్చారు కూడా."

అప్పుడు వెలిగింది నాకు. ఆ పెద్దాయన మా మావగారు. కొన్నాళ్లుగా ఆయన పిలిస్తే అత్తగారు పలకడం మానేశారు. దాంతో "అమ్మాయ్, మంచినీళ్లు! అమ్మాయ్, కళ్లజోడు!" అని కేకలన్నీ నా మీద పడ్డాయి. ఆవిడకి చెవుడొస్తోందేమోనని నేను బెంగపెట్టుకున్నాను కూడా. నిద్ర కోసం నేను క్లాసు ఎగ్గొడితే, ఆ క్లాసే వచ్చి నన్ను నిద్ర లేపిందన్నమాట!

నిజం చెప్పేసి చెంపలేసుకోవాల్సింది. విజయవాడ బస్సు కళ్ల ముందు కదిలింది. "బాగా మెరుగయ్యారండీ" అన్నాను.

"అయితే చూడాల్సిందే! ఎక్కడుంటారు?"

"జగ్గయ్యపేటండీ." నోరు జారింది.

"నేనెలాగూ హైదరాబాదే వెళ్తున్నా. దారేగా, కారెక్కండి."

"ఇంట్లో ఉంటారో లేదోనండీ..."

"కుర్చీలోంచి లేవని మనిషి ఎక్కడికెళ్తాడండీ?"

కార్లో ఆయన పక్కన కూర్చుని ఇంటికి ఫోన్ చేశాను, పేషెంటు భార్యతో మాట్లాడుతున్నట్టుగా. "నమస్తే మరియమ్మగారూ, నేను థెరపిస్టుని. మా సార్‌ని తీసుకుని మీ ఇంటికి వస్తున్నా."

"ఏమే, మరియమ్మగారేంటే? ఒంట్లో బాగుందా?"

"బాగుందండీ. మీవారు లేచి తిరుగుతున్నారు కదా?"

"ఎవరు, ఈయనా? ఇందాకే టీవీ రిమోట్ కింద పడింది. తియ్యడానికి నువ్వొస్తావని చూస్తన్నాడు."

"చాలా సంతోషమండీ. మీరు మాత్రం ఏం మాట్లాడకండి, పేషెంటుకి ఇబ్బంది." ఫోన్ పెట్టేశాను. ఏం మాట్లాడొద్దని ఆవిడకి రెండోసారి చెప్పాను చూడండి, నా అంత ఆశావాది మా జిల్లాలోనే ఉండదు.

గుమ్మంలోకి అడుగుపెట్టామో లేదో అత్తగారు చేతులు తుడుచుకుంటూ వచ్చారు. భాస్కర్‌గారిని చూసిన ఆ మొహం దేదీప్యమానంగా వెలిగిపోయింది.

"సార్! మీరా! ఫోన్లో కంటే సన్నగా ఉన్నారే! నేను సార్, రోజూ... అదే, శనివారాలు మాట్లాడతానే!"

భాస్కర్‌గారు ఆగిపోయారు. ఆవిడని చూశారు. నన్ను చూశారు. గోడ మీద నా పెళ్లి ఫొటో చూశారు. తర్వాత చాలా నెమ్మదిగా అడిగారు.

"జలుబు తగ్గిందా అమ్మా?"

"నాకు జలుబేంటి సార్, రాయిలా ఉన్నా! ఇదిగోండి మన కేసు" అని అత్తగారు వరండాలో మావగార్ని చూపించారు.

"కేసా?" మావగారు గర్జించారు. "నేను కేసా? పెళ్లాం పలకట్లేదేంటా అని నేను ప్రార్థనలు చేస్తంటే, నా మీద క్లాసులు జరుగుతున్నాయా!" అంటూ చటుక్కున కుర్చీలోంచి లేచి మా మీదికి నడిచొచ్చారు.

"లేచారు!" అన్నారు అత్తగారూ, భాస్కర్‌గారూ ఒకేసారి. ఇద్దరి మొహాల్లో ఒకటే ఆనందం. నా బాధ ఎవరికీ పట్టలేదు.

కాఫీలయ్యాక తీర్పు వెలువడింది. నిజం చెప్పొద్దూ, సిగ్గుతో నేను తల ఎత్తలేదు.

"విజయవాడ పంపనులెండి. కానీ క్లాసులన్నీ మళ్లీ మొదట్నుంచి వినాలి" అని భాస్కర్‌గారు మావగారి వైపు తిరిగారు. "అయ్యా, ఈవిడ నిజంగా వింటున్నారో లేదో పక్కనే ఉండి చూసి, వారం వారం నాకు ఫోన్ చేసి చెప్పాలి. మీవల్ల అవుతుందా?"

మావగారు నిటారుగా నిలబడ్డారు. "ఫ్యాక్టరీ గేటు దగ్గర హాజరు చూసి రిటైరైనోణ్ణి సార్. నిమిషం లేటైతే మేనేజరు బావమరిదినే వెనక్కి పంపించా. ఈ పిల్లెంత!"

ఆ శనివారం నుంచి ఆయన పొద్దున్నే తలంటు పోసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, తన కుర్చీ తనే మోసుకొచ్చి నా ఎదురుగా వేసుకుంటున్నారు. మంచినీళ్లు తనే తెచ్చుకుంటున్నారు. "అమ్మాయ్, ఆవలించావు. సార్‌కి చెప్తన్నా" అంటారు. పేషెంటు ఇంతగా కోలుకున్నందుకు ఏడ్చిన థెరపిస్టు దేశంలో నేనొక్కదాన్నే అయ్యుంటాను.

కాబట్టి సమస్త పాఠకుల ఎదుట, నిండు మనసుతో, నిద్ర కళ్లతో ప్రమాణం చేస్తున్నాను. ఇకపై నా క్లాసు నేనే వింటాను. నా వేలితో నేనే నొక్కుతాను. పని లేనివాళ్లకి పని కల్పించడమే నా వృత్తి అయినా సరే, ప్రాణం పోయినా సరే, మా ఇంట్లో మాత్రం ఎవ్వరికీ ఏ పనీ కల్పించను.